కాల్చినవాడికి చప్పట్లు

ముప్పై ఒక్కేళ్లుగా ఆ ఇంట్లో మాంసం కాల్చినవాడికే చప్పట్లు కొట్టారు.

ఆదివారం మధ్యాహ్నం అందరూ బల్ల చుట్టూ చేరాక ఎవరో ఒకరు "కాల్చినవాడికి చప్పట్లు" అనాలి, అందరూ కొట్టాలి. ఫౌస్తీనో కత్తి చేతిలో పట్టుకునే కాస్త వంగి అందుకుంటాడు. ఆ సాన్ రఫాయెల్ ఊళ్లో ఏ ఇంటికి వెళ్లినా అంతే. మాంసం కొని తెచ్చి, ఉప్పు పట్టించి, బంగాళాదుంపలు ఉడకబెట్టి, మూడు రకాల సలాడ్లు కలిపి, తిన్నాక ఆ జిడ్డు పళ్లేలన్నీ కడిగే నిల్దాకు ఎవరూ కొట్టలేదు. ఆమె కూడా అందరితోపాటు మొగుడికి కొట్టింది. తడి చేతులతో కొడితే చప్పుడు సరిగా రాదు. అందుకని ముందు ఆప్రాన్‌కు తుడుచుకుని మరీ కొట్టేది.

మార్చిలో మూడు రోజులకని అతువెల్ ఏటి గండికి బయలుదేరారు. ఫౌస్తీనో, అతని తమ్ముడు అబెలార్దో, అబెలార్దో పెళ్లాం మిర్తా, నిల్దా. బండి ఒకప్పుడు మినీబస్సు. ఫౌస్తీనో రిటైరయ్యాక రెండేళ్లు కష్టపడి అందులో మంచాలు, పొయ్యి, నీళ్ల ట్యాంకు బిగించాడు. పరుపులు, తెరలు, దోమతెరలు నిల్దా కుట్టింది. అడిగినవాళ్లందరికీ అతను "మొత్తం నా చేతులతో చేశా" అని చెప్పేవాడు.

ముందు సీటు అబెలార్దోది. కొండదారిలో ఇంకో మగాడి కన్ను ఉండాలన్నాడు ఫౌస్తీనో. వెనక, మయొనీజ్ గిన్నె మోకాళ్ల మధ్య ఇరికించుకుని, మలుపు మలుపుకూ ఒరిగిపోతూ గుడ్లు ఒలిచింది నిల్దా. కిటికీలోంచి ఎర్రరాతి గోడలు లేస్తున్నాయి. కింద ఏరు పచ్చగా మెరుస్తోంది. పదహారేళ్లప్పుడు ఇదే దారిలో నాన్న లారీ తోలింది తను, ప్లమ్ పళ్ల పెట్టెలు వేసుకుని. గేరు మార్చేటప్పుడు అరచేతికి తగిలే ఆ అదురు ఇప్పటికీ గుర్తే. పెళ్లయిన వారానికే ఫౌస్తీనో "ఇంటికి ఒక్క స్టీరింగ్ చాల్లే" అన్నాడు. కోపంగా కూడా అనలేదు, ఉప్పు అందివ్వమన్నట్టు అన్నాడు. అలా అన్న మాటకు ఎదురు చెప్పడానికి పట్టు దొరకదు. అయినా లైసెన్సు గడువు తీరినప్పుడల్లా సంతకెళ్తున్నానని చెప్పి వెళ్లి, కళ్ల పరీక్ష చేయించుకుని, కొత్తది రాయించుకొచ్చి కుట్టుపని డబ్బాలో దారపుండల కింద పెట్టింది. ఎందుకని ఎవరూ అడగలేదు. తనని తనూ అడగలేదు.

గండి మధ్యలో, విల్లో చెట్ల కింద, నీళ్ల పక్కనే చదునైన గులకరాళ్ల మేట కనిపించింది. ఫౌస్తీనో వాలులోంచి బండి అక్కడికి దించాడు. నిల్దా దిగి రాళ్లు చూసింది. బండి చక్రాల దాకా ప్రతి రాయికీ సన్నటి బురద పొర, ఇంకా పూర్తిగా ఆరలేదు. ఆమె తండ్రి కాలువల మీద నీరుగంటి, తోటలకు వంతుల ప్రకారం నీళ్లు వదిలేవాడు. బురద అంటిన రాయి ఏటిది, అంటని రాయి మనది అని చేయి పట్టుకుని చూపించేవాడు.

"ఇక్కడొద్దు. పైన ఆనకట్ట దగ్గర నీళ్లు వదిలితే ఇక్కడికొచ్చేస్తాయి."

"శనివారం ఎవడు వదుల్తాడే?"

"తోటలకి శనివారమేంటి, ఆదివారమేంటి?"

"ముసలీ, నువ్వు టమాటాల సంగతి చూడు."

అబెలార్దో నవ్వాడు. "మా వదిన బకెట్‌లో నీళ్లు చూసినా వరదంటది" అన్నాడు.

చర్మం ఒలిచి తెచ్చిన మేకపిల్లను మగవాళ్లు ఇనప శిలువకు కట్టి నిప్పుల పక్కన నిలబెట్టారు. అది కాలడానికి మూడు గంటలు. ఆ మూడు గంటలూ చేయవలసిన పని నిప్పును చూడటం, వైన్ తాగడం, బండి రేడియోలో ఫుట్‌బాల్ వినడం. నిల్దా నీళ్ల అంచున మూడు రాళ్లు ఒకదానిమీద ఒకటి పేర్చి, ఉల్లిపాయలు తరుగుతూ వాటినే చూసింది. సగం ఆట అయ్యేసరికి అడుగు రాయి తడిసింది. వెళ్లి చెప్పింది. ఫౌస్తీనో నిప్పు మీంచి కన్ను తీయకుండా, "నీ గోలకి మాంసం గట్టిపడేలా ఉంది" అన్నాడు. రెండో రాయి మునిగింది.

మూడోసారి చెప్పడానికి నిల్దాకు నోరు రాలేదు. భయం కాదు. ముప్పై ఒక్కేళ్లుగా చెప్పినవన్నీ ఎక్కడికి పోయాయో ఆమెకు ఆ నిమిషంలో తెలిసింది. చాకు కడిగింది. చేతులు తుడుచుకుంది. రేడియో కోసమని తాళంచెవి బండికే ఉంది. లోపల మిర్తా జున్ను తురుముతోంది.

"గిన్నెలు పట్టుకో."

"నీకు నడపడం వచ్చా అక్కా?"

"వచ్చు."

ఇంజను అందుకుంది. ఫౌస్తీనో, అబెలార్దో కేకలు వేస్తూ పరిగెత్తుకొచ్చారు. గోలు పడేలా ఉన్న సమయంలో రేడియో ఆగిందని ఆ కేకలు. వాలు సగంలో వెనక చక్రాలు గులకరాళ్లలో ఊరికే తిరిగాయి. చక్రం జారినప్పుడు తొక్కకు, వదులు, అనేవాడు నాన్న. కాలు వదులు చేసింది. బండి ఒక మూర వెనక్కి జారి, రాయి పట్టుకుని, ముక్కుతూ మూలుగుతూ దారి మీదికెక్కింది. ఇంజను ఆపింది. చేతుల్ని స్టీరింగ్ మీదే ఉంచి కాసేపు చూసుకుంది. ఎవరో ఇంటి పెద్ద చేతుల్లా ఉన్నాయి.

కింద నిప్పులు బుస్సుమన్నాయి. ఇనప శిలువ పక్కకి వాలి, మేకపిల్ల సగం కాలిన ఒంటితో ఏట్లో కొట్టుకుపోయింది. మాంసం కోసం వెనక్కి పరిగెత్తిన మగవాళ్లిద్దరూ మోకాళ్ల దాకా తడిసి, ఒక వైన్ సీసా కాపాడుకుని పైకొచ్చారు. కాసేపటికి, బండి ఆగి ఉన్న చోటంతా ఏరే.

అరుపులు విని ఎగువన గుడారాలేసుకున్న ఒక కుటుంబం వచ్చింది. ఏమైందని అడిగారు. ఫౌస్తీనో ప్యాంటు పిండుకుంటూ చెప్పాడు: నీటి వాలకం చూసి అనుమానమొచ్చిందట, ఒక్క ఊపున బండి పైకి లాక్కొచ్చాడట. వాళ్లలో ఒక పెద్దాయన "డ్రైవరుకు చప్పట్లు" అన్నాడు. అందరూ కొట్టారు. ఫౌస్తీనో కాస్త వంగి అందుకున్నాడు. తాళంచెవి నిల్దా ఆప్రాన్ జేబులో ఉంది. మిర్తా ఆమె వైపు చూసింది. నిల్దా సలాడ్ గిన్నెలు బయట పెట్టింది. ఆ పూట అందరూ తిన్నది అదే.

తెల్లవారాక ఫౌస్తీనో తాళంచెవి అడిగాడు. నిల్దా అప్పటికే స్టీరింగ్ ముందు కూర్చుని ఉంది.

"వెనక ఉల్లిపాయలున్నాయి అబెలార్దో, తరుగుతూ కూర్చో. మిర్తా ముందుకొస్తుంది."

ఎవరూ నవ్వలేదు. ఫౌస్తీనో తలుపు పట్టుకుని కొంతసేపు నిలబడి, చుట్టూ తిరిగి వెళ్లి వెనక ఎక్కాడు. గండి దారంతా, ప్రతి మలుపూ, ఆమె నడిపింది. ఎర్రగోడలు ఎదురొచ్చి దారిచ్చాయి. ఆ గండి ఎంత ఎత్తో వెనక సీటులోంచి ఎప్పుడూ తెలియలేదు.

మరుసటి ఆదివారం ఇంట్లో మళ్లీ మాంసం కాల్చారు. పిల్లలు, మనవలు, అందరూ వచ్చారు. "కాల్చినవాడికి చప్పట్లు" అన్నాడు పెద్దల్లుడు. నిల్దా పొడి చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. పక్కన మిర్తా చేతులూ కదల్లేదు. మిగతావాళ్లు కొట్టారు గానీ, ఎక్కడో తగ్గింది. తగ్గిందని ఫౌస్తీనోకు తెలిసింది.

అందరూ వెళ్లాక వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు.

"చప్పట్లు కొడితే నీ సొమ్మేం పోయేది?"

"నా దగ్గర లేవు. ఆ రోజు దారి మీద నావి నువ్వు తీసుకున్నావు."

అతను గుమ్మం దాటి ఒక అడుగు లోపలికి వేశాడు. నిజం ఒప్పుకుంటాడేమోనని ఒక క్షణం అనిపించింది. ఆ క్షణం పోయింది.

"ఆ ఏటి సంగతి నేనిక చచ్చినా ఎత్తను" అన్నాడు.

"నేనూ ఎత్తను" అని, బండి తాళంచెవి గోడ మేకు మీంచి తీసుకుంది నిల్దా.