కారుకి నీళ్ళు

“కారుకి నీళ్ళు పోశావా?”

పొద్దున్న లేవగానే ఆయన నోటివెంట వచ్చే మొదటి మాట ఇదే. పెరట్లో మొక్కలకి పోసినట్టు, ఆ పాత కారు రేడియేటర్ మూత తీసి చెంబుతో నీళ్ళు పోయడం కూడా నా పనుల్లో కలిసిపోయింది. ఎవరు కలిపారో గుర్తులేదు. ఈ ఇంట్లో పనులన్నీ నా నెత్తిమీదకి అలాగే వస్తాయి, చెప్పాపెట్టకుండా. నేను నీళ్ళు పోస్తాను, ఆయన దర్జాగా నడుపుకుంటూ వెళతారు, నేను బస్సు కోసం పరిగెడతాను. నిజానికి ఆ కారు మా అమ్మది. అమ్మ పోయాక నాకొచ్చింది. వచ్చిన వారానికే “మావారి కారు” అనడం నాకే అలవాటైపోయింది.

నేను రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తాను. ఊరవతల కొత్తగా తెరిచే ల్యాబుకి నన్ను ఇన్‌చార్జిగా వేస్తామన్నారు. అటు బస్సుల్లేవు. సోమవారంలోగా ఏ సంగతీ చెప్పమన్నారు. ఆ మాట ఇంట్లో ఎత్తితే, ఆయన కంచంలోంచి తల ఎత్తకుండా “ముందు కారు బాగవనీ, అప్పుడు చూద్దాం” అన్నారు. ఎప్పుడు బాగవుతుందండీ అంటే “తీరిక దొరకాలిగా” అన్నారు. నీళ్ళు కారుతున్న పాత గొట్టాల బదులు వేద్దామని ఆయనే కొనుక్కొచ్చిన కొత్త రబ్బరు గొట్టాలు అటకెక్కి దుమ్ము కొట్టుకుంటున్నాయి.

ఆదివారం ఆయన్ని స్నేహితుడొచ్చి బండి మీద ఎక్కించుకుపోగానే గొట్టాలు కిందికి దించాను. బట్టలు నానబెట్టే టబ్బు కారు కిందికి తోసి, రేడియేటర్ అడుగున ఉన్న మర తిప్పితే తుప్పు రంగు నీళ్ళు బొళబొళా కారాయి. వరండాలోంచి మా అత్తగారు, “వాడొచ్చి చేస్తాడు కదమ్మా, ఆడదానివి నీకెందుకీ మసిపని?” అన్నారు. రోజూ గిన్నెల అడుగున నేను తోమేది గంధం కాబోలు. ఎదురింటాయన గేటు దగ్గర ఆగి “ఏమ్మా, సార్ లేరా?” అన్నాడు. లేరండీ అన్నాను. “అయ్యో పాపం” అన్నాడు, ఎవరి గురించో మరి.

పై గొట్టం మెలితిప్పితే ఊడొచ్చింది. కిందిది మాత్రం అతుక్కుపోయి మొండికేసింది. బలవంతంగా లాగితే రేడియేటర్ మూతి విరుగుతుందని, కూరగాయల చాకు తెచ్చి నిలువునా కోశాను. పైకి నున్నగానే ఉంది, లోపలంతా పగుళ్ళు. ఇన్నాళ్ళూ అంత వేడి ఎలా మోసిందో అనుకుంటే ఎందుకో ఏడుపొచ్చింది. కొత్తవి రెండూ ఎక్కించి, ఘనకార్యం చేసినట్టు నడుం మీద చెయ్యేసుకుని చూస్తే, గొట్టాల చివర్లు బిగించే క్లిప్పులు నేలమీదే ఉన్నాయి! వాటిని గొట్టాలకి ముందే తొడగాలి. నన్ను నేను తిట్టుకుని, మళ్ళీ ఊడదీసి, తొడిగి, బిగించాను. గొట్టాలతోపాటే కొన్న, ఇంజనుని చల్లబరిచే కూలెంటు పోసి, ఇంజను ఆన్ చేసి, లోపలున్న గాలి బుడగలు బయటికి వచ్చేదాకా గొట్టం పిసుకుతూ కూర్చున్నాను. కింద పాత పేపరు పరిచి చూశాను. ఒక్క చుక్క పడలేదు. చాలా రోజుల తర్వాత ఎంతో సంతోషం వేసింది.

అప్పుడొచ్చారాయన. ఇంజను ఆపి, వంగి చూశారు. నా చేతిలోంచి స్క్రూడ్రైవర్ తీసుకుని, గట్టిగా ఉన్న క్లిప్పునే ఇంకాస్త తిప్పారు. తర్వాత తమ్ముడికి ఫోన్ చేశారు.

“కారు పని అయిపోయిందిరా. గొట్టాలు మార్చేశాం. ఆఁ, మీ వదిన కూడా సాయం చేసింది.”

సాయం! ఎప్పుడో బుద్ధిపుట్టి రెండు గిన్నెలు కడిగితే ఆయన నాకు సాయం చేసినట్టు, ఎందుకంటే గిన్నెలు నావి. నేను ఒళ్ళంతా మసి చేసుకుని గొట్టాలు మారిస్తే నేను ఆయనకి సాయం చేసినట్టు, ఎందుకంటే కారు ఆయనది. చాకిరీ ఏదైనా చేసేది నేనే, మంచిపేరు మాత్రం ఆయనకి. ఇన్నేళ్ళూ ఆ మాటకి నేను సిగ్గుపడుతూ నవ్వాను కూడా. ఆ నవ్వు తల్చుకుంటే ఒళ్ళు మండింది.

“కారు బాగైందిగా, కొత్త ల్యాబుకి వస్తానని చెప్పేస్తాను” అన్నాను.

“అంత దూరం నీకెందుకిప్పుడు? ఉన్న ఉద్యోగం బాగానే ఉందిగా. చూద్దాంలే.”

“ఇల్లెవరు చూస్తారమ్మా?” వరండాలోంచి అత్తగారు.

అంటే అడ్డం కారు కాదన్నమాట. కారు బాగవకుండా ఉండటమే వాళ్ళకి వీలు. నేనెంత పిచ్చిదాన్ని!

చేతులు చీరకొంగుకి తుడుచుకుని మా ల్యాబు మేడంకి ఫోన్ చేశాను. “వస్తున్నానండీ. రేపే చేరతాను” అన్నాను. కారు తాళంచెవి తీసి నా హ్యాండ్‌బ్యాగులో వేసుకుని జిప్పు లాగాను.

“మరి నేనెలా వెళ్ళాలి?” అన్నారాయన. వెటకారం కాదు, నిజంగానే దిక్కుతోచక అడిగారు.

ఉద్యోగానికి వెళ్ళే మనిషి ఎలా వెళ్ళాలన్న ప్రశ్న ఆ ఇంట్లో పుట్టడం అదే మొదటిసారి.