రొయ్యలు పడని రక్తం

మా అమ్మాయి కుసుమకి మోచేతి మడతల్లో, మోకాళ్ళ వెనక గోకి గోకి పుళ్ళు పడేవి. ఆ దురద ఎవరి వైపు నుంచి వచ్చిందన్నదే మా కొత్తపేట ఇంట్లో ఏళ్ళ తరబడి తగువు. "మా వంశంలో ఎవరికీ లేదమ్మా. మండపేట మిల్లుల దుమ్ము పీల్చిన రక్తం మరి" అనేది మా అత్తగారు పెద్దింట్లమ్మ, నా పుట్టింటి మీదికి తోసేసి. నాకు ఒళ్ళు మండిపోయేది. మస్కట్ నుంచి మా ఆయన పంపిన పూతమందు ట్యూబు మా వీధిలో సగం మందికి పనిచేసింది, మా పిల్లకి తప్ప.

అమలాపురం డాక్టరమ్మ ఆ ట్యూబు చూసి నవ్వింది. "పైకి దురద అందరికీ ఒకటేనండి. లోపలి కారణం ఎవరిది వారిదే. రక్తం చూసి, ఈ పాపకి ఏది సరిపోతుందో అదే ఇద్దాం" అంది.

పిల్లని అత్తగారితో ల్యాబులో కూర్చోబెట్టి నేను మందులషాపుకి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి రక్తం తీసేశారట. సూదంటే ఇల్లెగిరిపోయేలా ఏడ్చే కుసుమ కళ్ళలో చుక్క నీరు లేదు. నా కూతురికి ఎంత ధైర్యం వచ్చిందోనని మురిసిపోయాను.

హైదరాబాదు నుంచి రిపోర్టు వచ్చింది. డాక్టరమ్మ అంకెలు చూసి కనుబొమలు ముడిచింది. "అలర్జీ గట్టిగానే ఉందండి. ముఖ్యంగా రొయ్యలకి. పాపకి ఇంక రొయ్యలు పెట్టకండి."

అత్తగారు నా వైపు ఓరగా చూసింది. "నే చెప్పలా? అంతా మండపేట రక్తమే."

నేను పళ్ళు కొరుక్కుంటూ ఉండగానే కుసుమ ఘొల్లుమంది. రొయ్యల ఇగురు లేకపోతే ముద్ద దిగదు దానికి. "మామ్మా, నాకింక రొయ్యలు పెట్టవా?" అని ఆవిడ కుచ్చెళ్ళు పట్టుకుంది.

అత్తగారు పైట చెంగు వేలికి చుట్టుకుంది, విప్పింది, మళ్ళీ చుట్టుకుంది.

"దానికి రొయ్యలు పడతాయండి" అంది చివరికి.

"రక్తం అలా చెప్పడం లేదు కదండీ మామ్మగారూ" అంది డాక్టరమ్మ.

"ఆయ్. ఆ రక్తం దానిది కాదండి. ల్యాబులో కుర్రోడు 'కుసుమ ఎవరండీ' అన్నాడు. పసిదానికి సూది గుచ్చుతుంటే చూడలేక, 'నేనేనండి' అని చెయ్యి చాపేను. ఒకే ఇంటి రక్తం కదా, తేడా ఏముంటదిలే అనుకున్నానండి."

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది. "రొయ్యలు తింటే మీకేమైనా అవుతుందా అండీ?"

"నోరు దురద పెట్టి, ఒళ్ళంతా దద్దుర్లు లేస్తాయండి. అయినా తింటానే ఉంటాను."

ఇంత మంచి అవకాశం నేను వదులుతానా? "అయితే అత్తయ్యగారూ, ఇది మండపేట రక్తం కాదన్నమాట" అన్నాను.

"నాదేనే తల్లీ. నా దురదే పిల్లకి తగులుకుందేమో. నన్ను ఎన్నైనా అను, దానికి మాత్రం నా మందు రాయించకు" అంది. ఆవిడ కళ్ళు నిండడం నేను చూడడం అదే మొదటిసారి. నా కోపం కాస్తా నీరుగారిపోయింది.

ఈసారి ల్యాబులో కుసుమ చెయ్యి ఆవిడే పట్టుకుంది. పిల్ల ఏడ్చింది, ఆవిడ అంతకన్నా ఏడ్చింది. కుసుమ రిపోర్టులో రొయ్యల ఊసే లేదు, దానికి పడనిది పరుపు దుమ్మేనట. దాన్నిబట్టి ఇచ్చిన మందుతో, దులిపి ఎండేసిన పరుపుతో పిల్ల హాయిగా నిద్రపోతోంది.

ఇప్పుడు మా ఇంట్లో రొయ్యలు వండిన రోజు అత్తగారికి దోసకాయ పప్పే. ఆవిడ కుసుమ కంచం వైపు ఆశగా చూస్తుంటే, అది పెద్ద ఆరిందాలా ఊరడిస్తుంది.

"బెంగపడకు మామ్మా. నా సూది నువ్వు పొడిపించుకున్నావుగా, నీ రొయ్యలు నేను తినేస్తాలే."