పాషాణం మందు

పళ్ళు తోముకుంటుంటే ఆంజినమ్మ చిగుళ్ళలోంచి వచ్చిన నెత్తురు మధ్యాహ్నమైనా ఆగలేదు. దెబ్బ తగలకుండానే ఒళ్ళంతా కమిలిన మచ్చలు. మడకశిరలో రక్తం పరీక్ష చేసిన డాక్టరు ఇవాళే అనంతపురం పొమ్మన్నాడు. ఆమె భర్త ఈరప్ప గొర్రెల్ని తమ్ముడికి అప్పజెప్పి ఆమెతోపాటు బస్సెక్కాడు.

ఆసుపత్రిలో డాక్టరు రేఖ అతన్ని పక్కకు పిలిచింది.

"నెత్తుటి క్యాన్సరప్పా. రక్తకణాలు సగంలోనే ఎదగడం మాని, పచ్చివిగానే గుంపులు కడతాండాయి. మేం వాటిని చంపం, పూర్తిగా ఎదిగేటట్ల చేస్తాం. ఎదిగినాక కాలం తీరి అవే పోతాయి. మాత్రలు ఇస్తాం, నరంలోకి ఇంకో మందు ఎక్కిస్తాం. అది పాషాణంతో, అదే ఆర్సెనిక్ విషంతో చేసింది. కొలతగానే ఇస్తాంలే."

తోడేళ్ళకని ఎవరో పెట్టిన పాషాణం ముద్ద తిని తన కుక్క గిలగిలా కొట్టుకుని చావడం కళ్ళారా చూసినవాడు ఈరప్ప. ఇంకో దారి లేదనేసరికి తలూపాడు. భార్యకు మాత్రం చెప్పలేదు.

"ఏం మందది?" సీసా వైపు చూస్తూ అడిగింది ఆంజినమ్మ.

"బలానికంట."

చుక్క పడిన ప్రతిసారీ అతను ఆమె ముఖమే చూసేవాడు. వారం తిరక్కముందే జ్వరం వచ్చింది. కాళ్ళు ఉబ్బాయి. ఒక పొద్దున ఆమె లేచి కూర్చుని రొమ్ము పట్టుకుంది.

"ఊపిరాడల్యా..."

"పాషాణం! నేనే ఇప్పించినా నీకు!" అని అరుస్తూ ఈరప్ప సూది పీకబోయాడు. ఆంజినమ్మ బిత్తరపోయింది. నర్సు అతని చేయి పట్టుకుని ఆపింది. రేఖ పరుగున వచ్చి, మందు ఆపించి, ఆక్సిజన్ పెట్టి, వేరే ఇంజెక్షన్ ఇచ్చింది.

"కణాలు ఒక్కసారిగా ఎదుగుతాంటే కొందరికి ఇట్లయితాది. ఊపిరితిత్తుల్లోకి నీరు దిగింది."

"బతుకుతాదా?"

"రెండు రోజులు గడవాల."

ఆ రెండు రోజులూ ఈరప్ప వార్డు గడప దాటి లోపలికి రాలేదు. ఆమె కళ్ళలోకి చూసే ధైర్యం లేదు. మూడోనాటికి ఆయాసం తగ్గింది. మందు మళ్ళీ మొదలుపెట్టాలంది రేఖ.

"వద్దు తల్లీ. ఈమెను ఊరికి పిల్చుకపోతా," అన్నాడు ఈరప్ప గడప దగ్గరే నిలబడి.

"పోతే?" అడిగింది ఆంజినమ్మ.

రేఖ మంచం పక్కకు వచ్చింది. "నెత్తురు ఆగదమ్మా."

"అయితే పెట్టండి." భర్త వైపు తిరిగింది. "నువ్వు నాతో అబద్ధమాడినావు చూడు, దానికే ఎక్కువ భయమయింది నాకు. ఇంక ఏదున్నా చెప్పు. ఈడే కూర్చో."

కూర్చున్నాడు. సీసాలో మళ్ళీ చుక్కలు పడసాగాయి. ఈసారి వాటిని ఇద్దరూ కలిసి చూశారు.

నెల దాటాక చేసిన పరీక్షలో చెడ్డ కణాలు కనబడలేదు. ఇంకొన్ని నెలలు వచ్చి మందు ఎక్కించుకోవాలని చెప్పి రేఖ ఇంటికి పంపింది. బస్సులో ఆంజినమ్మ అతని భుజం మీద నిద్రపోయింది. మరీ కదలకుండా ఉందనిపించి ఈరప్ప ఆమె ముక్కు కింద వేలు పెట్టి చూశాడు.

"ఉండా లే," అంది ఆమె కళ్ళు తెరవకుండానే.

అతను వేలు తీశాడు. పెనుకొండ దాటకముందే మళ్ళీ పెట్టాడు.