బొమ్మ కొలతకు కాంచళి

భద్రాచలం అడవికి ఇవతల అంత ఖరీదైన ఆడమనిషిని ఈ రెండు చేతులతో ఎత్తుకున్నోణ్ణి నేనొక్కణ్ణే. నవ్వకుండ్రి. మనిషంటే మనిషి కాదు, బొమ్మ. జానెడు మీద నాలుగు వేళ్ళ పొడుగు. మా తండా మొత్తాన్ని మేకలతో సహా తక్కెట్ల పెట్టినా ముల్లు బొమ్మ దిక్కే మొగ్గుతదని అప్పట్ల చెప్పుకున్నరు. గోదారి కరకట్ట దాకా వచ్చి అందరినీ భయపెట్టిపోయిన ఏడాది అది.

ఆ బొమ్మ ఇంటికొచ్చిన పొద్దున మా అన్న బిడ్డ హేమ్లి చొక్కా ఉతుకుతున్నది. మొగుడి తెల్ల చొక్కా. మణుగూరుల బొగ్గుగని ఆఫీసు గుమాస్తా అతను. తెల్ల చొక్కా లేకుంటే తనను గనిలో దిగే కూలోడనుకుంటరని అతని భయం. కాలనీల గాలే నలుపాయె. ఆరేసిన గంటకే కాలరు మీద మళ్ళ మసి. సబ్బుతో, బ్రష్షుతో, ఆఖరికి గోటితో రుద్దుతది హేమ్లి. అయినా ఎక్కడన్న చుక్క మిగిలితే అత్త సోమ్లి మంచంలో నుంచే, "కూసొని తినేదానికి ఇదొక్కటి చేతగాదా" అనేది. కూసున్నదెప్పుడో హేమ్లికే గుర్తులేదు.

తండాల ఉన్నప్పుడు మొగుడి పేరు బిచ్యా. బడిలో చేరినప్పుడు బాబూరావు అయిండు. కాలనీకొచ్చినంక పెండ్లాం పేరును కూడా సరళ అని మార్చేసిండు. అడగలేదు, చెప్పిండు, అంతే. ఆ వారమే ఆమె అద్దాల కాంచళిని, ఫేటియాను, అంటే మా లంబాడి ఆడోళ్ళు తొడిగే రవికను, లంగాను పెట్టెల పెట్టించిండు. "వీటితోని బయట తిరగకు. నన్ను తండావోడంటరు" అన్నడు. అప్పటిసంది ఆమెకు చీరే.

ఆ బొమ్మను బాబూరావు బండి మీద, కోడిగుడ్లు తెచ్చినట్టు, మెల్లగ తెచ్చిండు. పెద్ద ఇంజనీరు ఉదయ్ భాస్కర్ భార్య పద్మప్రియది అది. ఆమెకు పాతకాలం ఫ్యాషన్ బొమ్మలు కూడబెట్టే పిచ్చి. అద్దాల బీరువా నిండా అవే. ఈ రకం ఇప్పుడు ఎక్కడా తయారుగాదట; బొంబాయిల ఒక పార్సీ ముసలమ్మను బతిమాలి కొన్నదట. దాని గౌను పురుగు కొట్టేసింది. హైదరాబాదుల బొమ్మలోళ్ళంతా కూడే ప్రదర్శనకు దీన్ని లంబాడి బట్టల్ల తీసుకపోవాలని ఆమె ఆశ. అంతకు ముందే, వచ్చే ఆదివారం చాయకు కాలనీ ఆడోళ్ళను పిలిచి చూపిస్తదట.

"కొత్త అద్దాలు పెద్దగుంటయి, వద్దంటున్నది మేడం. బొమ్మకు పళ్ళేలు తగిలించినట్టు ఉంటదట. మీ అమ్మ కుట్టిన కాంచళి నీ పెట్టెల ఉన్నదని నేనే చెప్పిన. దాన్ని కోసి కుట్టు" అన్నడు బాబూరావు. పెద్ద క్వార్టర్ కావాలని అతను పెట్టుకున్న అర్జీ ఉదయ్ భాస్కర్ బల్ల మీదనే ఉంది మరి.

హేమ్లి తల్లి జమ్లి ఆ కాంచళిని బిడ్డ పెండ్లికి కుట్టింది. పగిలిన అద్దం ముక్కలను రాయి మీద అరగదీసి, చిటికెన గోరంత చేసి, ఒక్కొక్కదాని చుట్టూ దారం బిగించింది. పగలంతా మిర్చి ఏరి, మండే వేళ్ళతోనే సూది పట్టింది. ఇప్పుడు జమ్లి లేదు. మిగిలినవి ఆ కుట్లే.

ఇక్కడ నా గొప్ప ఒకటి విప్పేస్త. ఎత్తుకున్ననన్న గదా, ఎత్తుకోనిచ్చెటోళ్ళెవరు? ఆ మధ్యాహ్నం నేను ఎండు మిర్చి ఇద్దామని పోయిన. బొమ్మ ఉన్న అట్టపెట్టె మీద వేలు పెట్టబోతే హేమ్లి, "కాకా, ఇవి తొడుక్కుంటేనే" అని పద్మప్రియ పంపిన తెల్ల గ్లౌజులు చూపింది. చేతి చెమట తగిలితే బొమ్మ రంగు పోతదట. నా వేళ్ళు వాటిల పట్టలే.

నేను వెళ్ళినంక ఆమె కత్తెర పట్టుకొని కూసున్నది. ఆ గ్లౌజులతోని సూదిల దారమే ఎక్కదు. బొమ్మను తిప్పి తిప్పి చూసింది. నడుము రెండు వేళ్ళంత. అరికాళ్ళు ఎత్తు చెప్పుల కోసమే వంచి పోసినయి. ఉత్త కాళ్ళతో నిలబెడితే పడిపోతది. నీళ్ళు మొయ్యదు, రుద్దదు, ఎవరికీ బదులు చెప్పదు, అందుకేనేమో దీన్ని ముట్టుకోవాలంటే గ్లౌజులు కావాలె. తన చేతులను ఏ మసికైనా, ఏ వేడి గిన్నెకైనా, ఏ మాటకైనా అందరూ గ్లౌజులు లేకుండానే వాడుకున్నరు. అద్దాల మీద కత్తెర ఆనించింది. అమ్మ వేలు కోస్తున్నట్టు అనిపించి తీసింది. మళ్ళ ఆనించింది. మళ్ళ తీసింది. ఏడుపేం రాలే. ఏడ్వాలంటే కూడా కొంచెం ఓపిక కావాలె, ఆమెకు అదీ లేదు.

సాయంత్రం బాబూరావు వచ్చి, "ఇంకా కోయలేదా? ఎట్లాగూ నువ్వు తొడుక్కోవుగా" అన్నడు.

"తొడుక్కోవద్దన్నది నువ్వే గదా."

"అది వేరు. బొమ్మ తొడుక్కుంటే కళ అంటరు. నువ్వు తొడుక్కుంటే తండా అంటరు."

కోపంతో అనలేదు అతను. ఉన్న సంగతే చెప్పినట్టు చెప్పి, చాయ అడిగిండు. హేమ్లి చాయ పెట్టి ఇచ్చింది.

ఆదివారం పద్మప్రియ ఇంటి నిండా ఆడోళ్ళు. తలుపు తీసిన పద్మప్రియ, "ఎవరు కావాలమ్మా?" అన్నది. వాకిట్ల నిలబడ్డ మనిషి ఒంటి మీద ఎర్ర ఫేటియా, చిటికెన గోరంత అద్దాల కాంచళి. నిన్న కుట్టినట్టు సరిగ్గా సరిపోయింది. చేతుల్ల అట్టపెట్టె, దాని మీద మడత పెట్టిన గ్లౌజులు.

"సరళా? నువ్వా?"

"సరళ కాదమ్మా. హేమ్లి."

పద్మప్రియ పెట్టె తెరిచింది. బొమ్మ ఒంటికి తను చుట్టి పంపిన పల్చటి మల్లు గుడ్డే ఉంది. "బట్టలేవి మరి?"

"ఇవేనమ్మా. మా అమ్మ నాకు కుట్టింది. బొమ్మకు కోయబుద్ధి కాలే."

పద్మప్రియ చాలాసేపు ఆ భుజాల దిక్కే చూసింది. చెడ్డ మనిషేం కాదు. చెయ్యి చాపబోయి ఆగి, బొమ్మల దగ్గర అలవాటేనేమో, "ఒక్కసారి ముట్టుకోవచ్చా?" అని అడిగింది.

"వద్దమ్మా" అని హేమ్లి వెనక్కి తిరిగింది. వచ్చిన తొవ్వనే, కాలనీ నడిమధ్య నుంచి ఇంటికి నడిచింది. ఆ తర్వాత కూడా ఆ బట్టలు పెట్టెకు పోలేదు. క్వార్టర్ సంగతి మాత్రం అడగకుండ్రి.

ఇంత చెప్పి ఒక్క అబద్ధం దాచుకునుడెందుకు. కాంచళి సరిగ్గా సరిపోయిందన్నది నేను కల్పించింది. అది పదహారేళ్ళ పిల్ల కొలతకు కుట్టింది; బట్టలు పిండి పిండి బలిసిన చేతులు అందులో ఎట్ల పడతయి? హేమ్లి దానికి కత్తెర పెట్టిన మాట నిజమే. అద్దాల జోలికి పోకుండ చంకల కింద కుట్లు విప్పి, తన కొలతకు, తెల్లటి పీలికలు అతికింది.

బాబూరావు ఇప్పటికీ ఆ తెల్ల చొక్కా కోసం బీరువా వెతుకుతుండు. ఇది మాత్రం కల్పితం కాదు.