దొరగారి గుడ్డు

"చెయ్యి కాస్త వెనక్కి తీసుకో. గోళ్ళు కనపడుతున్నాయి" అన్నారు మావారు, వీడియో కోసం మొహానికి తగిలించుకున్న నవ్వు చెదరకుండా. నేను పళ్ళెం ముందుకి జరిపి చేతులు లాక్కున్నాను. ఫోను స్టాండు మీద ఉంది. దీపాలు వెలుగుతున్నాయి. గాజుపెట్టెలో కొమ్మ మీద దొరగారు కళ్ళు సగం మూసుకుని పడుకుని ఉన్నారు. దొరగారంటే మా ఇగ్వానా, పెద్ద పచ్చ తొండలాంటి జంతువు. ఆ పేరు మా అత్తగారు పెట్టింది. "ఉన్నచోటు నుంచి కదలడు, మెదలడు. ఎదురుగా తెచ్చిపెడితే తింటాడు. పైగా ఆ చూపు చూడు, దొరలాగా" అందావిడ, అది ఇంటికొచ్చిన రోజునే. ఆవిడ అన్నది ఇగ్వానా గురించే అయినా నాకు ఇంట్లో ఇంకొకరు గుర్తొచ్చి నవ్వొచ్చింది. వచ్చిన నవ్వుని వచ్చినట్టే మింగడం నాకు బాగా అలవాటు.

దాన్ని కొనుక్కొచ్చింది ఆయన. ఆఫీసులో ఎవరో పెంచుతున్నారట, చూసి ముచ్చటపడ్డారు. ముచ్చట ఆయనది, పెంపకం నాది. పొద్దున్నే ఇంకా ఎవరూ లేవకముందే ఆవాకు, ముల్లంగి ఆకు కడగాలి, మందు కొట్టిన వాసన పోయేదాకా మళ్ళీ కడగాలి, నీళ్ళు ఓడ్చాలి, దాని నోటికి పట్టేంత సన్నగా తరగాలి. గుమ్మడికాయ తురమాలి. పైన చిటికెడు కాల్షియం పొడి చల్లి, ఆకులన్నిటికీ పట్టేలా కలపాలి, లేకపోతే పొడి పడని ఆకులు ఏరుకుని తినేసి మిగతావి వదిలేస్తుంది. ఎప్పుడైనా ఒక మందారపువ్వు వేస్తే కొమ్మ దిగి గబగబా వస్తుంది, ఆ ఒక్కటీ చూడ్డానికి నాకూ ఇష్టమే. ఆ తర్వాత పెట్టె అడుగున కాగితాలు మార్చి, నీళ్ళగిన్నె తోమి, మనుషుల వంట మొదలుపెట్టాలి. ఇంత చేసి నేను పరిగెత్తుకుంటూ షాపుకి పోతే, ప్రతి ఆదివారం నెట్‌లో పెట్టే వీడియోలో ఆయన అంటారు: "మిత్రులారా, నేను రోజూ పొద్దున్నే లేచి మా దొరగారి భోజనం నా చేత్తో సిద్ధం చేస్తాను." నా చేత్తో అంటున్నప్పుడు తెర మీద కనిపించేవి నా చేతులే. అందుకే గోళ్ళ గొడవ.

నేను కళ్ళద్దాల షాపులో పనిచేస్తాను. మనుషుల మొహాలకి బాగా దగ్గరగా వెళ్ళి చేసే పని. చెవుల వెనక కాడలు సర్దాలి, ముక్కు మీద ఫ్రేము సరిగ్గా కూర్చుందో లేదో చూడాలి. ఒకసారి ఒక పెద్దావిడ నా వేళ్ళు దగ్గరికి రాగానే తల వెనక్కి లాక్కుని, "ఏంటమ్మా, ఏదో పచ్చి వాసన" అంది. మా మేనేజరు పక్క కౌంటర్ నుంచి అందరికీ వినపడేలా, "మేడమ్, ఇంటిపని అయ్యాక చేతులు కాస్త సబ్బుతో కడుక్కుని వస్తే బాగుంటుంది కదా" అన్నాడు. రుద్దిరుద్ది కడుక్కునే వచ్చానని చెప్పలేకపోయాను. ఆవాకు పసరు గోళ్ళ సందుల్లోకి దిగితే సబ్బుకి పోదు. ఆ రోజంతా అద్దాలు తుడిచే గుడ్డ చేతుల్లో నలుపుతూ, వేళ్ళు దాచుకుంటూ గడిపాను. ఇంటికొచ్చి ఆయనతో అంటే, "గ్లవుజులు వేసుకోవచ్చు కదా, ప్రతిదీ నేను చెప్పాలా?" అన్నారు.

దొరగారి వెనక కాలు వణుకుతోందని అనుమానం వచ్చినప్పుడు బుట్టలో పెట్టుకుని బస్సెక్కి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళిందీ నేనే. డాక్టరమ్మ దాన్ని ఒళ్ళో పెట్టుకుని దవడ నొక్కి చూసి, పెట్టెలో వెలిగే ఎండలాంటి దీపం ఎన్నాళ్ళకి మార్చాలో, ఏ ఆకు మంచిదో, పాలకూర ఎక్కువ ఎందుకు పెట్టకూడదో ఓపిగ్గా చెప్పింది. చివర్లో వేలు చూపించి మరీ అంది: "గుడ్డు, మాంసం మాత్రం వద్దు. ఇది ఆకులు తినే ప్రాణి. కిడ్నీలు మెల్లగా పాడవుతాయి, పైకి ఏమీ తెలీదు. తెలిసేసరికి మన చేతిలో ఏమీ ఉండదు." ఇంటికొచ్చి ప్రతి మాటా ఆయనకి అప్పగించాను. ఆ ఆదివారం వీడియోలో దీపం గురించీ, పాలకూర గురించీ "నా పరిశోధనలో తేలిందేమిటంటే" అని చెప్పారు. నేను మొహం ముడుచుకున్నానని గమనించి, "ఎవరు చెబితే ఏంటి? జనానికి పనికొస్తే చాలదా?" అన్నారు. నిజమే కదా అనుకున్నాను. ఆయన అన్న ఏ మాటకైనా ముందు నిజమే కదా అనుకోవడం, ఉడుక్కోవడం తర్వాతెప్పుడో గిన్నెలు తోముకుంటూ.

కొన్నాళ్ళకి ఆయన వీడియోలు చూసేవాళ్ళు తగ్గారు. "ఆకులు నమిలే జంతువుని ఎంతకాలమని చూస్తారు? ఈసారి గుడ్డు పెడదాం" అన్నారు.

"డాక్టరమ్మ వద్దంది కదండీ."

"ఒక్కసారికి చచ్చిపోదులే. నువ్వొకదానివి, డాక్టరు కంటే ముందు డాక్టరువి."

గుడ్డు ఉడకబెట్టాను. ఒలిచాను. ముక్కలు చేసి పళ్ళెంలో పెట్టాను. దొరగారు నాలుక చాచి అలా తగిలించి చూసింది. ఆయనకి ఆ ఒక్క క్షణం చాలింది. కెమెరా వైపు తిరిగి, "రోజుకొక గుడ్డు, మిత్రులారా! త్వరగా పెరుగుతుంది, రంగు తేలుతుంది. మా దొరగారి ఆరోగ్య రహస్యం ఇదే" అన్నారు. రోజుకొకటి! నా నోరు తెరుచుకుంది. ఆయన కెమెరాకి కనపడకుండా అరచెయ్యి ఎత్తారు, ఆగు అన్నట్టు. ఆగాను. దీపాలు ఆర్పగానే పళ్ళెం తీసేసి, దాని మూతికి అంటిన పచ్చసొన తడిగుడ్డతో తుడిచేశాను. ఆ తర్వాత ఎప్పుడూ దానికి గుడ్డన్నది పెట్టలేదు. ఎప్పటిలాగే ఆవాకు, ముల్లంగి ఆకు, గుమ్మడి. మా దానికైతే ఏమీ కాదు కదా అని నిశ్చింతగా ఉన్నాను. అలా ఎలా ఉండగలిగానో ఇప్పుడు తల్చుకుంటే తల ఎత్తబుద్ధి కాదు.

ఆ వీడియో చూసినంతమంది మరేదీ చూడలేదు. "నా కొడుకు చెయ్యి పడితే ఏదైనా పెరుగుతుంది" అని అత్తగారు మురిసిపోయింది. కింద వచ్చే కామెంట్లకి ఆయన పేరుతో జవాబులు రాయడం కూడా నా పనే. షాపు వెనకగదిలో అన్నం తింటూ ఒక చేత్తో రాసేదాన్ని. 'మిత్రమా' అని మొదలుపెట్టాలి, కాస్త పెద్దరికం ఉండాలి, ఏదీ తెలియదని ఒప్పుకోకూడదు. ఆయనలా రాయడం నాకు ఆయనకంటే బాగా వచ్చేసింది.

అలా తింటుండగానే ఒక రోజు ఆ కామెంటు చూశాను. ఎవరో తల్లి రాసింది. 'సార్, మా పాప ఇగ్వానాకి మీరు చెప్పినట్టే రోజూ గుడ్డు పెడుతున్నాం. ఇప్పుడు ఏమీ తినడం లేదు, ఒళ్ళు ఉబ్బింది, కాళ్ళు ఈడుస్తోంది. ఏం చెయ్యాలో చెప్పగలరా?' నోట్లో ముద్ద నోట్లోనే ఉండిపోయింది. ఏం రాశాను? 'మిత్రమా, వెచ్చగా ఉంచండి, తగ్గిపోతుంది' అని రాశాను. వేళ్ళు వాటంతటవే రాసేశాయి.

సాయంత్రం ఆయనకి చూపించాను. చదివి ఫోను నా ఒళ్ళోకి విసిరారు. "తీసెయ్. మిగతావాళ్ళు చూస్తే పరువు పోతుంది."

"జబ్బు చేసిందండీ దానికి. గుడ్డు మానెయ్యమని అయినా..."

"అంటే నేను తప్పు చెప్పానని నువ్వే రాస్తావా? నా పేరుతో?"

నేను తీసేశాను. ఆయన కాదు, నేను. బొటనవేలితో ఒక్కసారి నొక్కితే ఆ తల్లి రాసిందంతా మాయమైపోయింది.

రెండ్రోజులకి ఆవిడ మళ్ళీ రాసింది. 'సార్, నా మెసేజ్ సరిగ్గా వెళ్ళలేదేమో, కనపడటం లేదు. నాకు ఇవి అంతగా తెలియవు, తప్పయితే క్షమించండి' అని, కింద ఫోన్ నంబరు. నేను తుడిచేసినదానికి ఆవిడ క్షమాపణ అడిగింది. అచ్చం నాలాగే. అన్నం చల్లారితే క్షమించండి, చొక్కా ఇస్త్రీ కాకపోతే క్షమించండి, నా వేళ్ళు వాసనొస్తే క్షమించండి. ఆ నంబరు చూస్తూ వెనకగదిలో కూర్చున్నదాన్ని, మేనేజరు రెండుసార్లు పిలిచినా లేవలేకపోయాను. సిగ్గంటే ఇన్నాళ్ళూ ఇతరులు నన్ను చూసినప్పుడు కలిగేదనుకున్నాను. ఎవరూ చూడని గదిలో కూడా చెవులు కాలిపోతాయని అప్పుడు తెలిసింది.

ఆదివారం ఆయన దీపాలు సర్దుకుంటున్నారు. నేను వంటగది గుమ్మంలో నిలబడి ఆవిడకి ఫోన్ చేశాను. చాటుగా చెయ్యాలనిపించలేదు.

"దొరగారి ఇంటి నుంచి మాట్లాడుతున్నానండీ" అనగానే అటువైపు గొంతు వెలిగిపోయింది. "అయ్యో, సార్ వాళ్ళింటి నుంచా! మీరే చేశారా, చాలా సంతోషమండీ. ఒక్క నిమిషం... పాపా, సార్ వాళ్ళు ఫోన్ చేశారే!"

"అమ్మా, ముందు గుడ్డు ఆపెయ్యండి. అసలు పెట్టకూడదు. మా డాక్టరమ్మ నంబరు పంపిస్తాను, ఇవాళే మాట్లాడండి."

"గుడ్డు వల్లనా? సార్ చెప్పారు కదండీ..."

"తప్పు చెప్పారు."

ఆయన చేతిలో వైరు పట్టుకుని నావైపు తిరిగారు. "ఎవరది?" అన్నారు. ఫోనులో ఆవిడ తిడుతుందని ఎదురుచూశాను, తిడితే బాగుండుననిపించింది కూడా.

"మా పాపకి మీరే చెప్పండి" అంది చివరికి. "గుడ్డు రోజూ తనే ఒలిచి పెట్టేది. తన వల్లే ఇలా అయిందని మూడురోజులుగా అన్నం తినడం లేదు. నేను చెబితే వినదు."

ఫోను చేతులు మారిన చప్పుడు. ముక్కు ఎగబీలుస్తూ చిన్న గొంతు: "ఆంటీ, నేను వేడి బాగా ఆరనిచ్చే పెట్టానాంటీ. ఉప్పు కూడా వెయ్యలేదు. మీ దొరగారు కూడా రోజూ తింటాడు కదా, వాడికేం కాలేదు. మరి నాదానికే ఎందుకయింది? నేనేం తప్పు చేశాను?"

ఆయన దగ్గరికొచ్చేశారు. "ఫోన్ పెట్టెయ్" అన్నారు, పెదవులు కదిలీ కదలకుండా. అరచెయ్యి ఎత్తారు. ఆ చెయ్యి చూస్తూనే చెప్పాను.

"మా వాడు తినడమ్మా. ఒక్కసారి కూడా మింగలేదు. వీడియో అవగానే నేను తీసేశాను. పెట్టకూడదని నాకు ముందే తెలుసు, నీకు చెప్పలేదు. నువ్వు ఏ తప్పూ చెయ్యలేదు."

అటువైపు ఏడుపు ఆగింది. ఫోను పక్కకి తిప్పినట్టుంది, గొంతు కాస్త దూరమైంది.

"అమ్మా" అంటోంది ఆ పిల్ల, "ఇది నా వల్ల అయింది కాదంట."