బల్ల ఆదివారం

మా సంఘంలో నెలకోసారి, మొదటి ఆదివారం నాడు ప్రభువు బల్ల ఉంటుంది. రొట్టె, ద్రాక్షరసం తీసుకోవడానికి అందరూ వరుసగా ముందుకు వెళ్తారు. నేను వెళ్ళేదాన్ని కాదు. గుడి వెనకున్న గదిలో పసిపిల్లల్ని ఆడిస్తూ కూచునేదాన్ని. తల్లులు నిశ్చింతగా బల్ల తీసుకోవాలి కదా అని నేనే అడిగి మీద వేసుకున్న పని. మూడేళ్ళు చేశాను. "రొట్టె ఇక్కడికే పంపిస్తాలే అమ్మా" అని మా పాస్టరు మోషే అయ్యగారు అంటే, పిల్లల చేతులు ఊరుకోవులెండి అని తప్పించుకున్నాను. ఆయన దాన్ని కూడా మంచికే తీసుకుని, ఒక క్రిస్మస్‌కు "లూదియమ్మ త్యాగం చూడండి" అని అందరి ముందు శాలువా కప్పించారు. ఆ శాలువాను ఇంటికి తెచ్చి బీరువా అడుగున కుక్కేశాను.

త్యాగమూ కాదు, పాడూ కాదు. నేను దాక్కున్నాను.

నంద్యాలలో జాకెట్లు కుట్టడం నా బతుకుతెరువు. ప్రార్థన చేయడం నాకున్న పేరు. ఎవరింట్లో జ్వరం వచ్చినా, ఎవరి పిల్లకు సంబంధం కుదరకపోయినా "ప్రార్థన లూదియమ్మను పిలవండి" అనేవాళ్ళు. మిషను మీద గుడ్డ అలాగే వదిలేసి పరుగెత్తేదాన్ని. ఆ పిలుపంటే నాకు ఇష్టం. ఎంత ఇష్టమో అప్పట్లో నాకే తెలియదు.

మూడేళ్ళ కిందట ఆళ్లగడ్డ నుంచి పిలుపు వచ్చింది. పిలిచింది అక్షయ. మా సంఘం పిల్లే, నా సండేస్కూల్లో కూచుని వాక్యాలు కంఠతా పట్టిన పిల్ల. పెళ్ళై ఆళ్లగడ్డ వెళ్ళింది. మొగుడు శ్యాంసుందర్ ట్రాక్టరు డ్రైవరు, నెమ్మదస్తుడు. అతనికి కాలేయం చెడిపోయింది. కర్నూలు తీసుకెళ్ళి తెచ్చారు, డాక్టర్లు చేతులెత్తేశారు. ఇంట్లో ఉపవాస ప్రార్థన పెట్టారు. పదిహేను మందిమి మంచం చుట్టూ కూచున్నాం. ప్రార్థన అయ్యాక అందరూ నా మొహం వైపు చూశారు.

"అక్కా, ప్రభువు ఏమన్నా చెప్పినాడా?" అని అడిగింది అక్షయ.

ప్రభువు నాకేమీ చెప్పలేదు. ఆ మాట అనడానికి ఒక్క క్షణం చాలు. కానీ అంతమంది చూస్తున్నారు. పేరు మీద మోజో, పిల్ల మీద జాలో, రెండూ కలిసి నా నోరు తెరిపించాయి.

"చెప్పినాడు. నీ మొగుడు సావడు. ఈసారి కోతపండక్కి మన సంఘంలో నిలబడి సాక్ష్యం చెప్తాడు."

ఇల్లంతా హల్లెలూయలతో నిండిపోయింది. నలభై రెండో రోజున శ్యాంసుందర్ చనిపోయాడు.

భూస్థాపనకు వెళ్ళాను. ఎవరూ నన్ను పల్లెత్తు మాట అనలేదు. "దేవుని చిత్తం" అన్నారు. ఎవరో ఒకావిడ, "ప్రభువు మాటిచ్చినాడు గానీ ఆ పిల్ల విశ్వాసమే చాల్లేదు" అంది. అక్షయ వినేంత దగ్గర్లోనే అంది. నేనూ విన్నాను. విని నోరు మూసుకున్నాను. అది మొదటి తప్పు కంటే పెద్ద తప్పు.

ఆ రోజు నుంచి నాకు ప్రార్థన చచ్చిపోయింది. మోకాళ్ళ మీద కూచుంటే మాటలు వస్తాయి, ఇరవై ఏళ్ళ అలవాటు కదా. కానీ నేనెవరితో మాట్లాడుతున్నానో ఆయన లేచి వెళ్ళిపోయినట్టు ఉండేది. పాపం ఒప్పుకోలేదా అంటే, వెయ్యిసార్లు ఒప్పుకున్నాను. వంటింట్లో ఒప్పుకున్నాను, మిషను ముందు ఒప్పుకున్నాను. ఒప్పుకోవాల్సిన మనిషి ఆళ్లగడ్డలో ఉంది. ఆమె దగ్గర తప్ప అన్నిచోట్లా ఒప్పుకున్నాను. అంత తెలివైనదాన్ని.

మొన్న శ్రావణంలో పక్కింటి భారతమ్మ ఏడుస్తూ వచ్చింది. సోమవారం మహానందికి పోయే, కష్టం వస్తే నా గడపకు వచ్చే మనిషి. కూతురు కాన్పుకని ఆసుపత్రిలో ఉంది, బిడ్డ అడ్డం తిరిగిందంట.

"ఒక్క మాట చెప్పు లూదియమ్మా. ఏం గాదని నీ ప్రభువు చెప్పినాడని చెప్పు సాలు."

ఆ మాట నా నాలుక మీద తయారుగా ఉంది. "చెప్పినాడు" అనే మాట. అచ్చం అప్పటిలాగే.

"నాకు తెలీదు వదినా," అన్నాను. "ఆయప్ప నాకేం చెప్పల్యా. నేనొచ్చి నీ పక్కన కూచుంటా, పద."

భారతమ్మ నా వైపు వింతగా చూసింది. తర్వాత నా చెయ్యి పట్టుకుంది. "పొద్దున్నుంచి అందరూ ఏం గాదు, ఏం గాదు అంటాంటే నాకు ఇంకా బయమైతాండాది. నువ్వొక్కదానివే తెలీదన్యావు."

ఆసుపత్రి బల్ల మీద నాలుగు గంటలు కూచున్నాం. కళ్ళు తెరిచే ఉన్నాను, చేతులైనా జోడించలేదు. "అయ్యా, నాకేం తెలీదు" అని లోపల అనుకున్నాను, అంతే. మూడేళ్ళలో మొదటిసారి ఎవరో విన్నట్టు అనిపించింది. సాయంత్రానికి మనవరాలు పుట్టింది, తల్లీబిడ్డా క్షేమం. భారతమ్మ నన్ను వాటేసుకుని ఏడుస్తుంటే నాకు ఒకే వాక్యం గుర్తుకొస్తోంది. అర్పణ తెచ్చినప్పుడు నీ మీద ఎవరికైనా విరోధం ఉందని గుర్తొస్తే, ఆ అర్పణ అక్కడే వదిలి, ముందు వెళ్ళి సమాధానపడమన్న వాక్యం. అక్షయకు అది కంఠతా పట్టించింది నేనే. తప్పు చదివిందని ఒకసారి గోడకుర్చీ కూడా వేయించాను.

మర్నాడు పొద్దున్నే ఆళ్లగడ్డ బస్సెక్కాను. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్ళకు సున్నా టికెట్టు కొట్టి ఇస్తున్నారు కదా, దుడ్లు లేవన్న సాకు కూడా లేకపోయింది. శిరివెళ్ల రాగానే ధైర్యం చాలక దిగేశాను.

"ఏమ్మా, ఆళ్లగడ్డ అన్యావు గదా?" అని కండక్టరు కిటికీలోంచి అరిచాడు. వినపడనట్టు నిలబడ్డాను. ఒక టీ తాగాను. నా మీద నాకే అసహ్యం వేసి వెనక వచ్చిన బస్సెక్కాను.

అక్షయ ఇంట్లో లేదు. శిల్పాల షెడ్డులో పనికి పోతోందని పక్కవాళ్ళు చెప్పారు. రోడ్డు పక్కనే రేకుల షెడ్డు. లోపల రాతిపొడి పొగలా లేచి ఉంది. రాళ్ళు కోసే మిషను చెవులు చిల్లులు పడేట్టు అరుస్తోంది. ఒక మూలన అక్షయ కూచుని, నీళ్ళు పోసుకుంటూ ఒక పీఠాన్ని రాయితో రుద్ది నునుపు చేస్తోంది. జుట్టంతా తెల్లగా ఉంది, దుమ్ముతో. నన్ను చూసి గబుక్కున లేచింది.

"అక్కా! నువ్వేందీ ఈడ?"

ఆ గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

"నీకొక మాట చెప్పాల మే," అన్నాను.

"ఏందీ? వినపడల్యా!"

"నేను నీకు అబద్ధం..."

"గట్టిగా చెప్పక్కా! మిషను!"

నాకు ఒళ్ళు మండిపోయింది. మిషను మీద, నా మీద, ఈ మూడేళ్ళ మీద. కడుపులోంచి అరిచాను.

"దేవుడు నాకేం చెప్పల్యా! శ్యాం బతుకుతాడని నేనే అబద్ధం చెప్పినా!"

సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. మిషను ఆగింది. నా చివరి మాటలు షెడ్డంతా మోగాయి. ఉలులు పట్టుకున్న ఇద్దరు శిల్పులు అలాగే ఆగిపోయి నన్ను చూశారు. వాళ్ళలో పెద్దాయన ముందు తేరుకుని, "రాప్పా, టీ తాగొద్దాం" అని రెండోవాణ్ణి బయటికి తీసుకుపోయాడు. ఆయన మేలు ఈ జన్మకు మరచిపోను.

అక్షయ చేతిలో రాయి కింద పెట్టింది.

"మూడేండ్లక్కా," అంది. "మా ఆయన రెండుసార్లు నోరు తెరిచినాడు. 'అక్షయా, నేను లేకపోతే' అని. రెండుసార్లూ నోటికి నా చెయ్యి అడ్డం పెట్టినా. దేవుడు చెప్పినాడు, నువ్వు సావవు, అట్ల మాట్లాడితే అవిశ్వాసం అన్యా. మూడోసారి ఆయన నోరు తెరవల్యా. పొయ్యే మనిషిని నేను మాట్లాడనియ్యలేదక్కా. ఏం చెప్పాలనుకున్యాడో, ఇంక నాకు యాడ దొరుకుతాది?"

ఈ సంగతి నాకు తెలియదు. నా తప్పు ఎంతుంటుందో మూడేళ్ళు కూచుని కొలుచుకున్నాను కానీ, అది ఇంత ఉందని ఇప్పుడు తెలిసింది. ఆ రాతి బురదలోనే కూలబడి ఏడ్చాను. ఆమె నన్ను ఓదార్చలేదు. ఓదార్చకూడదు కూడా.

తర్వాత ఆమె వంగి నా మొహంలోకి చూసింది.

"అంటే... దేవుడు చెప్పలేదా?"

"చెప్పల్యా."

"నిజంగా చెప్పలేదా అక్కా?"

"ఒక్క మాట కూడా చెప్పలేదు మే. అంతా నాదే."

అక్షయ నా ఎదురుగా బురదలోనే కూచుంది. "ఈ మూడేండ్లు నేనేమనుకున్యానో తెల్సా? ఐతే దేవుడు మాట తప్పినాడు. లేదంటే నా విశ్వాసం చాలక నా మొగుణ్ణి నేనే సంపుకున్యా. ఈ రెండే. ఏది నిజమైనా నేనింక ఆయనకు మొక్కలేను. గుడి ముందర నడిస్తే మొగం తిప్పుకుని పోతాంటి." "అబద్ధం నీదా? ఆయనది కాదా? నాది కాదా? నీదేనా!"

తడి చేత్తో నా భుజం మీద కొట్టింది. మళ్ళీ కొట్టింది. ఏడుస్తూ, మధ్యలో ఏదో నవ్వు లాంటిది వస్తుంటే దాన్ని మింగుతూ కొట్టింది. రాళ్ళు రుద్దే చెయ్యి, బాగానే తగిలింది. ఆ దెబ్బలకు నాకు కలిగిన హాయి ఆ శాలువా కప్పినప్పుడు కలగలేదు.

"నన్ను క్షమించు మే," అన్నాను చివరికి.

"ఇప్పుడే చెప్పలేనక్కా. ఇప్పుడు క్షమించినా అంటే నేనూ నీ మాదిరే అబద్ధం చెప్పినట్టైతాది."

"సరే."

ఆమె లేచి చేతులు కడుక్కుని టిఫిను డబ్బా తెచ్చింది. జొన్నరొట్టె, చెనిక్కాయల పొడి. రొట్టెను రెండు చేసి ఒకటి నా చేతిలో పెట్టింది. "తిను. యాడన్నా కళ్ళు తిరిగి పడితే నాకు మళ్ళా అదొక పని." ఇద్దరం ఆ బురద పక్కనే కూచుని తిన్నాం.

నంద్యాల వచ్చి మోషే అయ్యగారికి అంతా చెప్పాను. శాలువా కూడా తిరిగి ఇచ్చేశాను. ఆయన శాలువాను నా ఒళ్ళోనే పెట్టి, "చలికాలం పనికొస్తుంది, ఉంచుకోండి. కానీ సంఘం ముందు కూడా చెప్పాలమ్మా" అన్నారు. ఆ ఆదివారమే నిలబడి చెప్పాను. మాట తడబడింది, కానీ మొత్తం చెప్పాను. ఆ రోజు నుంచి నలుగురైదుగురు నన్ను ప్రార్థనకు పిలవడం మానేశారు. పిలిచినవాళ్ళ దగ్గరికి వెళ్ళి, తెలియనిది తెలియదని చెప్పి కూచుంటున్నాను. పేరు కొంచెం తగ్గింది. గుండెల మీది బండ దిగింది.

అయినా తర్వాతి బల్ల ఆదివారం నేను మళ్ళీ పిల్లల గదిలోనే తేలాను. దేవుడు క్షమించాడని అయ్యగారు చెప్పారు, నేను నమ్మాను కూడా. కానీ అక్షయ చెప్పాల్సింది ఇంకా మిగిలే ఉంది. అది రాకుండా చెయ్యి చాపడం నావల్ల కాలేదు.

అవతల గుళ్ళో పాట మొదలైంది. ఒక చంటిది నా జడ పట్టి లాగుతోంది. తలుపు తెరుచుకుంది. అక్షయ నిలబడి ఉంది. తలస్నానం చేసింది, తెల్లచీర కట్టింది. ఆళ్లగడ్డ నుంచి తొలి బస్సుకు వచ్చినట్టుంది.

"ఈడ దాంకుంటాండావా?" అంది.

"పిల్లల్ని చూస్తాండా..."

"పిల్లల పేరు చెప్పొద్దు." లోపలికి వచ్చి నా ముందు కూచుంది. "నెల రోజులు సూసినా అక్కా. ఒకరోజు అనాలనిపించింది, మర్నాడు మళ్ళా కోపమొచ్చింది. నిన్న సాయంత్రం మోకాళ్ళూన్యా. మూడేండ్ల తర్వాత. ఆయన దగ్గర ఏడ్సినా, ఆయన్ని తిట్టినా. ఏమీ అనుకోలేదులే." చెంగుతో మొహం తుడుచుకుంది. "ఇప్పుడు చెప్తే అబద్ధం కాదు. నిన్ను క్షమించినా. పద."

నా నోట వచ్చిన మొదటి మాట ఏమిటంటే, "మరి పిల్లల్ని ఎవరు సూస్తారు మే?"

అక్షయ నెత్తి కొట్టుకుంది. ఇద్దరు పిల్లల్ని చెరో చంకనా వేసుకుంది. నేను ఇద్దర్ని ఎత్తుకున్నాను. మిగిలిన ఒక్కడు నా చీర కుచ్చెళ్ళు పట్టుకుని వెంట నడిచాడు. ఆ వాలకంతో మేము నడవ మధ్యలోంచి వెళ్తుంటే పాడేవాళ్ళు నవ్వాపుకోలేక చరణం తప్పారు. మోషే అయ్యగారు పళ్ళెం పట్టుకుని, మేం వచ్చేదాకా ఆగారు.

పిల్లల్ని కింద దించి చెయ్యి చాపాను. అరచేతిలో రొట్టె ముక్క పడింది. పక్కనే అక్షయ చెయ్యి, రాయి రుద్ది కాయలు కాసిన చెయ్యి, నా చేతికి ఆనుకుని ఉంది. పెద్ద ప్రార్థనేమీ చేయలేదు. "అయ్యా, వచ్చినా" అన్నాను.

ఆయన లేచి వెళ్ళిపోలేదు. ఎదురుగానే ఉన్నాడు.