దొంగిలిస్తేనే పెరిగే తీగ

డెంగీ వైరస్ సిటీ బస్సెక్కి తిరుగుతోందని కృష్ణ ఎగతాళిగా అన్నాడు. సౌజన్యకు నవ్వు రాలేదు. రోగుల రక్తంలోని వైరస్ జన్యుక్రమాన్ని అక్షరం అక్షరం చదవడమే ఎల్‌బీనగర్ ల్యాబులో వాళ్లిద్దరి పని. ఒకరి నుంచి ఇంకొకరికి పాకేకొద్దీ వైరస్ ఎక్కడో ఒక అక్షరం మార్చుకుంటుంది. ఆ మార్పులను పట్టుకుని పోతే అది నడిచిన దారి తెలుస్తుంది.

మూసారాంబాగ్‌లో ఒక ఇంట్లో పుట్టిన మార్పు దిల్‌సుఖ్‌నగర్‌లో ఇంకో ఇంట్లో కనిపించింది. దానికి మరో మార్పు తోడై కర్మన్‌ఘాట్‌లో తేలింది. నడుమ వీధుల్లో మాత్రం ఆ జాడే లేదు. నాలుగు సందులు దాటలేని దోమ, ఎవరో చెయ్యి పట్టుకుని నడిపించినట్టు ఇళ్లను ఎంచుకుని మరీ దిగుతోంది.

సౌజన్య కూతురు సింధుకు పోయినేడు డెంగీ వచ్చి తగ్గింది. అది వేరే రకం. రెండోసారి వేరే రకం తగిలితే డెంగీ మరింత ముదురుతుంది; ఇప్పుడు ఈ రకం తగిలితే ప్రాణం మీదికి రావచ్చు. పైకి అంటే నిజమవుతుందేమోనని ఆ మాట ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

కర్మన్‌ఘాట్ రోగి ఇంటికి సౌజన్య ఫోన్ చేస్తే ఆ పిల్లవాడి నాయనమ్మ సోమమ్మ ఎత్తింది.

“మా పిలగాడు యాడికీ పోలే బిడ్డా. నేనే శనివారం భజనకు పోత. వారానికొకరింట్ల పెట్టుకుంటం. దిల్‌సుఖ్‌నగర్ల పెట్టినప్పుడు ఆళ్లింట్ల మనీప్లాంట్ సీసతోనే లేపుకొచ్చిన. అడిగి తెస్తే పెరగదు గద!”

సీసాలో నీళ్లు. నీళ్లలో దోమ గుడ్లు. దోమ తల్లి నుంచి పిల్లకు కూడా వైరస్ పోగలదు. సౌజన్య వెంటనే అడిగింది.

“మరి మీ ఇంట్ల నుంచి ఎవరన్న తీస్కపోయిండ్రా?”

“పోయిన నెల మా ఇంట్ల పెట్టినం. వనస్థలిపురం అండాలమ్మ కొంగు కింద ఏందో దాస్కొని పోయింది. నేను చూసి చూడనట్టు ఊకున్న.”

అండాలమ్మ సౌజన్య అత్తగారు.

ఇంటికి ఎలా చేరిందో ఆమెకే తెలియదు. “అత్తమ్మా, మనీప్లాంట్ యాడ పెట్టినవ్?”

అండాలమ్మ ముఖం వెలిగింది. సింధు గదిలో కిటికీ తెర వెనకనుంచి సీసా తీసింది. “కొత్త ఆకు ఏసేదాంక ఎవ్వరికీ చూపియ్యొద్దని దాసిన. చూడు, ఎంత ముద్దుగ ఏసిందో!”

సౌజన్య సీసాను దీపానికి ఎదురుగా పెట్టి చూసింది. నీళ్లలో ఏ పురుగూ కదలడం లేదు. అమ్మయ్య అనుకుంది. అంతలో నీటి మీద తేలుతున్న సన్నటి పొట్టు కనిపించింది. ఆ పొట్టు విడిచిన దోమలన్నీ ఎప్పుడో ఎగిరిపోయాయి.

గదిలో ఉక్కపోతగా ఉంది. మంచం మీద ముడుచుకుని పడుకున్న సింధు కళ్లు తెరవకుండానే అంది.

“అమ్మా, జర ఫ్యాన్ బంద్ చెయ్యవా. చలి పెడ్తుంది.”